హెల్గా బిడ్డకు సాక్షి

నల్లబండలో అయ్యన్నను గుర్రాల అయ్యన్న అంటారు. నిజానికి అతని దగ్గర ఎప్పుడూ ఒక్క గుర్రమే ఉండేది. రెండు ఉన్నది ఒక్క ఎండాకాలమే. ఊరికి ఆ ఎండాకాలమే గుర్తుండిపోయింది.

ఆలూరు నుంచి ఆదోనికి పోయే రోడ్డు వదిలి, నల్లరేగడి చేల మధ్య మట్టిదారి పట్టుకుంటే ఊరికంటే ముందు అతని కొట్టం కనిపిస్తుంది. పైన రేకులు, చుట్టూ ముళ్లకంప. ఎండ ముదిరాక ఆ దారిలో గాలి ఒక్కటే నడుస్తుంది. మనిషి ఎదురైతే ముఖాన ఇంత దుమ్ము చల్లి తన దారిన తాను పోతుంది. అయ్యన్న యాభై దాటిన మనిషి. సన్నగా ఉంటాడు, కొంచెం వంగి నడుస్తాడు. ఎవరితో మాట్లాడుతున్నా వాళ్ల కాళ్ల వైపే చూస్తాడు. కొందరు గర్వమనుకున్నారు, కొందరు బిడియమనుకున్నారు. ఏ కాలి మీద బరువు మోపుతున్నదో, ఏ కాలిని దాచుకుంటున్నదో చూస్తే ఆ ప్రాణం ఎలా ఉన్నదో తెలుస్తుందని అతనికి గుర్రాలు నేర్పాయి. మనుషులకూ అదే చూపు అలవాటైంది.

వానలు ముఖం చాటేసిన ఒక ఏడు, ఊరిలో సగం మందితో పాటు అతనూ భార్య భీమమ్మతో బెంగళూరికి వలస పోయాడు. నగరం బయట ఇటుకలు మోసే పని దొరికింది. కడుతున్నది గుర్రాల సాల. గోడలు లేచాయి, కప్పు పడింది, కూలీలు మరో పని చోటికి వెళ్లిపోయారు. అయ్యన్న వెళ్లలేకపోయాడు. మొదటి లారీ నుంచి దిగిన గుర్రం తడి ముక్కుతో అతని భుజాన్ని వాసన చూసింది. ఆ తడి ఆరేలోపే అతను అక్కడి మనిషైపోయాడు. లద్దె ఎత్తేవాడిగా చేరి, నీళ్లు పట్టేవాడై, చివరికి గుర్రం బాగోగులు చూసే సాయిసు అయ్యాడు. తిన్నదా, తాగిందా, పడుకున్నదా, లేచిందా: సాయిసు రోజంతా తనలో తాను వేసుకునే ప్రశ్నలు ఇవే. చంటిబిడ్డ తల్లి కూడా ఇంతకంటే ఎక్కువేమీ అడగదు.

అక్కడివి రేసు గుర్రాలు కావు. వార్మ్‌బ్లడ్ అంటారు. అడ్డుగా పెట్టిన కర్రల మీదుగా దూకడానికి, తాళం తప్పని నడకలు నడవడానికి ఐరోపాలో తరాల తరబడి ఏరి పెంచిన జాతి. ప్రతి గుర్రానికీ ఒక పుస్తకం ఉండేది. అందులో తల్లి, తండ్రి, తాత, ముత్తాత. తన తాత పేరు తప్ప ఆ పైన ఏమీ తెలియని అయ్యన్నకు, గడ్డి తినే ప్రాణికి అంత వంశం ఉండటం మొదట్లో నవ్వు తెప్పించేది. తర్వాత తర్వాత గౌరవం కలిగింది.

అతని వంతుకు వచ్చిన ఆడగుర్రం పేరు హెల్గా. జర్మనీలో పుట్టింది. ఒంటి రంగు బెల్లం పాకం ముదిరినట్టు ఉండేది. సాల మూతపడినప్పుడు మిగతా గుర్రాలన్నీ అమ్ముడుపోయాయి. మోకాలు బిగుసుకుపోయిన హెల్గాను మాత్రం ఎవరూ అడగలేదు. యజమాని దాన్ని, దాని పుస్తకాన్ని అయ్యన్న చేతిలో పెట్టాడు. అప్పటికి కొద్ది నెలల ముందే అక్కడి మగగుర్రంతో దాన్ని కలిపారు. తాడు పట్టుకుని నిలబడింది అయ్యన్నే. కలిపినట్టు సంతకం చేసిన కాగితం తర్వాత పంపుతానన్నాడు యజమాని. కాగితం రాలేదు. కొంతకాలానికి ఫోను పలకడం కూడా మానేసింది.

హెల్గా నల్లబండకు వచ్చాక ఆదోనిలో పెండ్లి బ్యాండు నడిపే ఈరేష్ దాన్ని ఊరేగింపులకు అడిగాడు. తిండి పెట్టాలి కాబట్టి అయ్యన్న ఒప్పుకున్నాడు. తారు రోడ్డు, రంగు దీపాలు, లారీ మీద కట్టిన డీజే పెట్టెలు. పెట్టె మోగినప్పుడల్లా హెల్గా చర్మం కింద సన్నని వణుకు పాకేది. పెండ్లికొడుకుకు అది తెలిసేది కాదు. కళ్లెం పట్టుకున్న అయ్యన్న చేతికి తెలిసేది. చూలు బయటపడగానే పెండ్లిళ్లు మాన్పించాడు.

ఆ బిడ్డ తెల్లవారుజామున పుట్టింది. కబురు అందుకుని పశువుల డాక్టరు తనూజ వచ్చింది. గొర్రెలకు, బర్రెలకు అలవాటైన ఆమె ఆ పొడుగు కాళ్ల పిల్లను చూసి కాసేపు చెప్పులు విడిచి ఊరికే కూర్చున్నది. తర్వాత గుర్రాల సంఘం వాళ్లు అడిగే పద్ధతిలో, కాగితం మీద గుర్రం బొమ్మ గీసి, నుదుటి మీది తెల్లచుక్క, వెనక కాలి తెలుపు, ఒంటి మీది వెంట్రుకల సుడులు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తులు పెట్టింది. అయ్యన్న పక్కనే నిలబడి చూశాడు. తెలుపులు అతనికి అర్థమయ్యాయి. చిన్న చిన్న ఇంటూ గుర్తులు దేనికో అతను అడగలేదు. బిడ్డ అప్పుడే మొదటిసారి లేచి నిలబడబోతున్నది. అతని కళ్లు అక్కడున్నాయి.

ఎండాకాలం చివర హెల్గా కడుపు ఉబ్బి చచ్చిపోయింది. వాగు ఒడ్డున పూడ్చిపెట్టారు. అదే వారం నాగలక్ష్మమ్మ ఇంటి ఎద్దు పాము కరిచి పోయింది. అయ్యన్న కొట్టం వేసుకున్న చోటు నాగలక్ష్మమ్మదే. భర్త పోయాక పొలాన్నంతా తానే నడుపుతున్న పెద్దామె. ఆమె మాట ఊరిలో తూకపు రాయి లాంటిది. ఎద్దులకు వాతలు పెట్టే చిన్న ఈరన్నను పిలిపించి గుర్రంపిల్లను చూపించింది. అతను మెడకు ఎడమ పక్క, జూలుకు జానెడు కింద ఒక సుడి చూపించి, పాడె సుడి అన్నాడు. తల్లిని తినేసింది, ఎద్దును తినేసింది, ఇక ఎవరిని తింటుందో అన్నారు ఊరి జనం. సుడినైనా తీసెయ్యాలి, పిల్లనైనా ఊరు దాటించాలి అన్నది నాగలక్ష్మమ్మ.

సుడుల మీద అయ్యన్నకు నమ్మకం లేదు. బెంగళూరులో ఇలాంటి మాటలు విని సాయిసులంతా నవ్వేవాళ్లు. కానీ తల్లి లేని బిడ్డను ఎక్కడికి తోలుకుపోతాడు? ఒక్క వాతతో ఊరిలో దానికి చోటు దొరుకుతుందంటే అది పెద్ద ధర కాదనిపించింది. తానే పిల్లను కావిలించి పట్టుకున్నాడు. చిన్న ఈరన్న ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీ ఆనించాడు. ఆ కేక అయిపోయాక, చాలాసేపు చేను మీద ఒక పిట్ట కూడా అరవలేదు. భీమమ్మ వేపాకు, పసుపు నూరి రాస్తూ వాత పెట్టినవాణ్ణి, పట్టుకున్నవాణ్ణి ఇద్దరినీ తిట్టింది.

ఊరు శాంతించింది. నాగలక్ష్మమ్మ మాత్రం కాలిస్తే సుడి లోపలికి పోతుంది గానీ ఎక్కడికి పోతుందని, ఆ తర్వాత ఎప్పుడూ ఆ పిల్లకు ఎదురు రాలేదు.

మూడేళ్లు గడిచాయి. వేరుశనగ బుడ్డల కట్టె, జొన్న చొప్ప, నానేసిన ఉలవలు తిని పిల్ల పెరిగింది. హెల్గా ఒకప్పుడు ఉన్న సాలలో స్వారీ నేర్చుకున్న శివజ్యోతి అనే ఆమె ఇప్పుడు హైదరాబాదు పక్కన తానే ఒక స్వారీ బడి నడుపుతున్నది. హెల్గాకు బిడ్డ ఉన్నదని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చింది. ఆమె చూస్తుండగానే పిల్ల కొట్టం లోపలి నుంచి నాలుగు అడుగులు వేసి, కంపను గాలి దాటినట్టు దాటి అవతల దిగింది. శివజ్యోతి కంప దగ్గరికి పోయి దాని ఎత్తు తన భుజంతో కొలుచుకున్నది. వెళ్లేటప్పుడు చెప్పింది. పుస్తకం ఉంటే దీన్ని పోటీలకు తయారు చేస్తాను, తండ్రి పేరు లేకపోయినా ఫరవాలేదు, తల్లి ఫలానా అని రుజువైతే సంఘం వాళ్లు వేరే వరుసలో చేర్చుకుంటారు. ఆ వరుసలోనూ చేరకపోతే నేను తీసుకెళ్లి చేయగలిగింది ఏమీ లేదు.

ఇంకో పక్క ఈరేష్ కాచుకుని ఉన్నాడు. కార్తీకంలో ముహూర్తాలు ఎక్కువ. ఆ ఏడూ వాన లేదు, చొప్ప లేదు. పిల్లను ఇంకొక ఏడాది ఊరికే నిలబెట్టి మేపడం అయ్యన్న వల్ల అయ్యే పని కాదు. పుస్తకం రాకపోతే అది దీపాల కింద, డీజే పెట్టెల ముందు నిలబడాలి. హెల్గా చర్మం కింది వణుకు అతని అరచేతిలో ఇంకా ఉన్నది.

సంఘం తరఫున పరీక్షకు వచ్చినాయన పేరు రామకృష్ణ. సైన్యంలో గుర్రాల డాక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఎర్రగుంట్ల మనిషి. కారు దిగి దుమ్ము దులుపుకుంటూ, ఈ దుమ్ము నాకు లెక్క కాదన్నాడు.

"మా ఊర్లో ఎర్ర గుర్రం, నల్ల గుర్రం అని తేడా ఉండదప్పా. సిమెంటు గాలికి సాయంత్రానికల్లా అన్నీ ఒకటే రంగు."

పళ్లు చూశాడు, కాళ్లు తడిమాడు, నడిపించి చూశాడు. ముఖంలో మెచ్చుకోలు కనిపించింది. తర్వాత తనూజ గీసిన బొమ్మ పట్టుకుని పిల్ల చుట్టూ తిరిగి, ఎడమ మెడ దగ్గర ఆగిపోయాడు. వేళ్లతో మచ్చను రాశాడు. బొమ్మలో ఇక్కడ సుడి ఉండాలి కదా అన్నాడు. గుర్రాలకు సుడులు మనుషులకు వేలిముద్రల లాంటివని, ఆ ఇంటూ గుర్తులు వాటికేనని అయ్యన్నకు అప్పుడు తెలిసింది.

కాల్చిన సంగతి అతను ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. రామకృష్ణ కోప్పడలేదు. పశువును అలా కాల్చడం నేరమని మెల్లగా చెప్పి, కంపకు ఆనుకుని నిలబడ్డాడు.

"నువ్వు చెప్పింది నిజమే కావచ్చు. కానీ వేరే పిల్లను తెచ్చి, సరిగ్గా ఆ చోటే కాల్చి, ఇదే అది అని కూడా చెప్పొచ్చు గదా."

"అట్ల ఎవురు కాలుస్తారు సార్, బిడ్డను?"

"నువ్వు కాల్చలేదా?"

అయ్యన్న చెయ్యి పిల్ల మెడ మీది మచ్చను కప్పింది. రామకృష్ణ అలా అన్నందుకు కొంచెం ఇబ్బంది పడ్డట్టు బొమ్మను మడతపెట్టాడు.

తల్లి వెంట్రుక ఒకటి వేరుతో సహా ఉన్నా ప్రయోగశాలలో తేలిపోయేది. హెల్గాను పూడ్చిన ఒడ్డును ఆ మరుసటి వానకే వాగు కోసుకుపోయింది. విదేశంలో పుట్టినప్పుడు తీసిన నమూనా ఉందేమోనని సంఘం వాళ్లు ముందే రాసి అడిగారు. లేదని జవాబు వచ్చింది. తనూజ ఇప్పుడు కడప వైపు పని చేస్తున్నది. ఫోనులో రామకృష్ణతో మాట్లాడింది. పుట్టిన రోజు చూసిన పిల్లే ఇది అని, మధ్యలో చూడకుండా ఎలా ప్రమాణం చేయగలనన్నది. అది న్యాయమైన మాట. చిన్న ఈరన్న కూడా వాత పెట్టిన రోజే చూశాడు. పుట్టిన నాటి నుంచి నిన్నటి దాకా చూస్తూ వచ్చిన మనిషి కావాలి. ఇంటివాళ్లు కాకూడదు, గుర్రంతో లాభం ఉన్నవాళ్లు కాకూడదు. అలాంటి సాక్షి ఉంటే రాసుకుంటానని, ఆదోనిలో బస చేసి రేపు మళ్లీ వస్తానని చెప్పి రామకృష్ణ వెళ్లిపోయాడు.

అయ్యన్న పిల్ల పక్కన గడ్డి మీద కూలబడ్డాడు. ఊరు దాని వైపు వచ్చింది ఎప్పుడని? పిల్లలు కూడా కంప అవతలి నుంచే రాళ్లు వేసి పరుగెత్తేవాళ్లు. భీమమ్మ చాటలో ఉలవలు చెరుగుతూ, ఒకామె ఉన్నదిగా అన్నది.

"నాగలక్ష్మమ్మ. మన బిడ్డను రోజూ చూసేది ఆ యమ్మే గదా."

"చూడకూడదని గదే ఆ యమ్మ బాధ."

"చూడకూడదంటే అది యాడుందో చూసుకోవల్ల గదప్పా ముందు."

నిజమే. నాగలక్ష్మమ్మ పొలానికి పోవాలన్నా, బస్సు ఎక్కాలన్నా ఆ కొట్టం ముందు నుంచే దారి. మూడేళ్లుగా ఆమె ప్రతి ఉదయం మిద్దె ఎక్కి, చేతిని కళ్లకు అడ్డం పెట్టుకుని, పిల్ల ఏ మూలన ఉన్నదో చూసి గానీ గడప దాటలేదు. దానికి ఒళ్లు బాగా లేక పడుకుంటే, ఈ రోజు శకునం బాగుందని ఆ రోజే సంతకు పోయేది. ఊరిలో ఆ పిల్లను అంత శ్రద్ధగా కనిపెట్టిన మనిషి అయ్యన్న తర్వాత ఆమె ఒక్కతే.

అయ్యన్న వెళ్లేసరికి ఆమె అరుగు మీద ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్నది. అతను మెట్టు కింద నిలబడి సంగతి చెప్పాడు. ఆమె చేతులు ఆగలేదు.

"ఎవురు పంపించినారు రా నిన్ను? భీమమ్మా?"

"ఊ, అమ్మా."

"అనుకుంటి. నీకు ఇంత తెలివి యాడిది." ఆమె ఇంకో గుప్పెడు కాయలు ఒళ్లోకి లాక్కున్నది. "పుస్తకం వస్తే అది ఊరు ఇడిసి పోతాదా?"

"పోతాదమ్మా."

"రాకపోతే?"

ఈడ్నే ఉంటాదని, ఈరేష్ పెండ్లిళ్లకు తోలుకుపోయి తిరిగి తెచ్చి కట్టేస్తాడని అయ్యన్న చెప్పాడు. ఆమె ముక్కు మీదికి జారిన కళ్లద్దాలను పైకి తోసుకుని, సరే పో అన్నది. వస్తానని గానీ రానని గానీ చెప్పలేదు.

మర్నాడు ఆమె వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, కర్ర పట్టుకుని, కంప బయట ఆగింది. దారి పక్కన ఊరు కొంత గుమిగూడింది. రామకృష్ణ కుర్చీ వేయించాడు. ఆమె కూర్చోలేదు. ఈ పిల్ల ఫలానా హెల్గాకు పుట్టినదేనా అని అడిగాడు. అవునని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆమె అక్కడ ఆగలేదు. మూడేళ్లుగా మనసులో పేర్చుకున్న ఫిర్యాదులన్నీ ఒక్కొక్కటిగా దించసాగింది. మంత్రాలయం మొక్కుకు బయలుదేరిన గురువారం ఇది దారికి అడ్డం నిలబడింది. వెనక కాలు ఇనుప కంచెకు కోసుకుని కుంటుతూ అక్కడే నిలబడిపోయింది, బస్సు పోయింది. రామకృష్ణ వంగి వెనక కాలు చూశాడు. వెంట్రుకల కింద పాత కోత ఉన్నది. పళ్లు ఊడే వయసులో కంప కొరికి నోరంతా రక్తం చేసుకుని ఉదయాన్నే తన కంట పడింది. ఆ రోజు పాలు విరిగిపోయాయి. మొన్న శ్రావణంలో వెంట్రుక రాలి ఎండలో రాగి చెంబులాగా మెరిసింది, దాని మెరుపు మిద్దె మీదికి కొట్టింది. జనంలో ఎవరో నవ్వారు. ఆమె అటు తిరిగి చూసేసరికి నవ్వు ఆగింది.

రామకృష్ణ రాసుకుంటూ, వాత సంగతి అడిగాడు. వీడు చెప్పుకోలేడు గానీ అది తన మాటేనన్నది ఆమె.

"నేనే పెట్టమన్నా. తప్పయితే నా పేరు రాసుకోప్పా. వీడు ఇష్టపడి పెట్టలే. బిడ్డను పట్టుకోని వీడే ఏడిసినాడు."

సుడి ఎక్కడ ఉండేదో చూపించగలరా అని ఆయన అడిగినప్పుడు మాత్రం ఆమె తడబడింది. దూరం నుంచి కర్రతో చూపించింది. సరిగ్గా చోటు కావాలన్నాడాయన. నాగలక్ష్మమ్మ కర్రను కంపకు ఆనించి, కొంగు నడుముకు చుట్టుకుని లోపలికి వచ్చింది. పిల్ల తల ఎత్తి చూసింది. అయ్యన్న దాని గడ్డం కింద చెయ్యి పెట్టి పట్టుకున్నాడు. ఆమె చెయ్యి చాచి, మచ్చ నడిమికి కాకుండా, పై అంచుకు కొంచెం కుడివైపు ఒక వేలు ఆనించింది. రామకృష్ణ బొమ్మ చూశాడు. ఇంటూ గుర్తు అక్కడే ఉన్నది. ఆమె వేలి కింద పిల్ల చర్మం ఈగ వాలినట్టు ఒకసారి అదిరింది. ఆమె వెంటనే చెయ్యి తీసేయలేదు.

"తల్లి పోయిన తెల్లారి అది పండుకున్న చోట్నే పండుకునింది ఇది," అన్నది, ఎవరితో అంటున్నదో తెలియకుండా. "శానా దినాలు అట్లే పండుకునింది. నేను మిద్దె మింద నుంచి చూస్తాంటి."

తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుని, కర్ర అందుకుని, ఎవరి వైపూ చూడకుండా ఇంటికి పోయింది. వీధిలో నిలబడే నెత్తిన కుండెడు నీళ్లు గుమ్మరించుకుని, చావు ఇంటికి పోయి వచ్చినట్టు తలస్నానం చేసి లోపలికి వెళ్లింది. ఈ సంగతి ఎవరో పరుగున వచ్చి చెబితే అయ్యన్నకు కోపం రాలేదు. భయపడుతూనే చెయ్యి చాచిన మనిషి ఆమె. భయం లేనివాళ్లు ఎవరూ అంత దగ్గరికి రాలేదు.

రామకృష్ణ మెడ దగ్గర మచ్చను కొత్తగా గీసి, కింద వివరం రాసుకున్నాడు. సాక్ష్యం, కాలి కోత, తెలుపులు అన్నీ సరిపోయాయి, తల్లి పేరు హెల్గా అని రాయిస్తానన్నాడు. తండ్రి దగ్గర 'తెలియదు' అని ఉంటుందన్నాడు.

"నాకు తెలుసు సార్. తాడు పట్టుకునింది నేనే."

"నీకు తెలుసప్పా. పుస్తకానికి తెలియదు."

ఆ మాట అయ్యన్నలో చాలా రోజులు తిరిగింది. ఆ మగగుర్రం నడక, మెడ వంచి నీళ్లు తాగే తీరు ఈ పిల్లలో రోజూ కనిపిస్తాయి. కానీ చూసిన కళ్లు సాయిసువి. తన కళ్లు పోతే ఆ తండ్రి కూడా పోతాడు. మొదట అది అన్యాయమనిపించింది. తర్వాత ఒక సాయంత్రం, పిల్ల డెక్కలు శుభ్రం చేస్తూ, తండ్రి పేరు దాని చెవిలో చెప్పాడు. చెవి అటు తిరిగి ఇటు తిరిగింది. అంతవరకు చాలనుకున్నాడు.

పుస్తకం వచ్చిన వారానికి శివజ్యోతి లారీ పంపింది. కొత్త చోట పిల్ల తిండి ముట్టదని తెలుసు కాబట్టి అయ్యన్న కూడా ఎక్కాడు. బడిలో దానికి ఇటుకల గోడలు, ఇసుక నేల, ఎప్పుడూ నిండి ఉండే నీళ్ల తొట్టి. మొదటి రోజులు అతని చేతిలో తప్ప తినలేదు. అతను గోడ చాటుకు పోతే మేత వదిలేసి చూసేది. శివజ్యోతి తొందరపడలేదు. రోజూ వచ్చి నానిన ఉలవలు అరచేతిలో పెట్టుకుని, ఒక పక్కగా తిరిగి నిలబడి, ఏమీ అడగనట్టు ఉండేది. సాయిసు పని తెలిసిన మనిషే అనుకున్నాడు అయ్యన్న.

ఒక ఉదయం అతను తొట్టి కడుగుతూ తల ఎత్తేసరికి పిల్ల ఆమె అరచేతిలో పెదవులు ఆనించి తింటున్నది. అతని వైపు చూడలేదు. దాని కాళ్లు చూశాడు. నాలుగింటి మీదా బరువు సమంగా ఉన్నది.

అతను తొట్టి కడగడం పూర్తి చేసి, నీళ్లు నింపి, ఆదోని బస్సు ఎన్నింటికో అడగడానికి గేటు దగ్గరికి నడిచాడు.